కల్నల్ కాని కల్నల్ గారు

మా హాస్టల్లో రెజ్లింగ్ టాపిక్ వస్తే అందరూ అండర్‌టేకర్, జాన్ సీనా, చిన్నప్పటి ట్రంప్ కార్డుల దగ్గరే ఆగిపోతారు. "నీ ఫేవరెట్ ఎవరు రా?" అని నన్నడిగితే నేను చెప్పే పేరు మాత్రం ఎవరికీ తెలీదు. ఎందుకంటే ఆయన నాకు నచ్చింది రెజ్లర్‌గా కాదు, మేనేజర్‌గా. పేరు కల్నల్ రాబర్ట్ పార్కర్. 1993లో డబ్ల్యూసీడబ్ల్యూ అనే అమెరికన్ కంపెనీలోకి వచ్చాడు. అంటే మనమెవరం పుట్టకముందే. సూటు, పెద్ద టోపీ, మెడలో తాడులాంటి సన్నటి టై, చేతిలో సిగార్. మాట్లాడితే బెల్లం పాకం సాగినట్టు సాగుతుంది. ఆ తియ్యదనం వెనకాల ఎవడి కొంపో ముంచే ప్లాన్ ఉంటుంది.

ఈ కల్నల్ గురించి పాత రెజ్లింగ్ అభిమానుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కొందరికి ఆయన బంగారం, కొందరికి కాలం చెల్లిన జోకర్, కొందరికి చూడటానికే ఇబ్బంది. పాత వీడియోలు చూస్తూ నేను కూడా ఈ మూడింటి మధ్య అటూ ఇటూ తిరిగాను. ఎక్కడ ఆగానో చివర్లో చెప్తాను. ముందు ఆ పాత్ర ఏంటో చూద్దాం.

మేనేజర్ పనేంటి?

రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. సినిమాలో కూడా అంతే కదా, అయినా క్లైమాక్స్‌లో విజిల్ వేస్తాం. ఇక్కడ మంచివాణ్ణి బేబీఫేస్ అంటారు, చెడ్డవాణ్ణి హీల్ అంటారు. హీల్ మీద జనానికి పుట్టే కోపం పేరు హీట్. ఆ హీట్ పుట్టించడమే హీల్ మేనేజర్ ఉద్యోగం.

ఒకడికి కొండంత శరీరం ఉంటుంది గానీ మైకు ఇస్తే నోరు పెగలదు. వాడి తరఫున మేనేజర్ మాట్లాడతాడు. మ్యాచ్ జరుగుతుంటే రిఫరీని మాటల్లో పెడతాడు, హీరో కాలు పట్టి లాగుతాడు. అన్నిటికంటే ముఖ్యంగా, చివర్లో తన్నులు తింటాడు. నెలల తరబడి తప్పించుకుని తిరిగినవాడు ఒకరోజు దొరుకుతాడు చూడండి, ఆ రోజు కోసమే జనం టికెట్ కొంటారు.

ఈ పాత్ర అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బాగా పండటానికి కారణం ఉంది. ఒకప్పుడు అక్కడ దేశమంతటికీ ఒకే కంపెనీ లేదు. ప్రాంతానికొకటి ఉండేది. వాటిని టెరిటరీలు అనేవాళ్ళు. మెంఫిస్ సంగతే తీసుకోండి. శనివారం పొద్దున టీవీ స్టూడియోలో షో, సోమవారం రాత్రి మిడ్-సౌత్ కొలీజియంలో టికెట్ షో. అదే ఊరు, అదే జనం, ప్రతి వారం. చూసిన మొహాలనే మళ్ళీ చూడటానికి డబ్బులెందుకు పెడతారు? కథ ఉండాలి. ఆ కథ శనివారం పొద్దున నోటితోనే నడవాలి. జిమ్మీ హార్ట్, జిమ్ కార్నెట్ లాంటి మేనేజర్లు తయారైంది అక్కడే. కార్నెట్ వేషమైతే అమ్మ డబ్బుతో ఎగిరిపడే గారాల కొడుకు. చేతిలో టెన్నిస్ రాకెట్. దాంతో వెనకనుంచి ఒకటి పీకి పారిపోతాడు. జనానికి ఒళ్ళు మండక ఏమవుతుంది?

ఏ సైన్యంలో కల్నల్?

ఏ సైన్యంలోనూ కాదు. ఆ వేషం వేసినాయన రాబర్ట్ ఫుల్లర్. అసలు పేరు రాబర్ట్ వెల్చ్. టెన్నెసీకి చెందిన కుస్తీ కుటుంబం వాళ్ళది. తాత రాయ్ వెల్చ్, నాన్న బడ్డీ ఫుల్లర్, అన్న రాన్ ఫుల్లర్, అందరూ రింగులో దిగినవాళ్ళే, టెరిటరీలు నడిపినవాళ్ళే. మేనేజర్ అవ్వకముందు రాబర్ట్ కూడా చాలా ఏళ్ళు రెజ్లరే. కాబట్టి దక్షిణాది జనానికి ఎక్కడ కోపమొస్తుందో ఆయనకి పుట్టుకతో తెలుసు.

పాత్ర పేరు మాత్రం ఎల్విస్ ప్రెస్లీ మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్‌ని గుర్తుచేసేలా పెట్టింది. ఆయన కథ ఇంకా విచిత్రం. ఆయన టామ్ కాదు, పార్కర్ కాదు, కల్నలూ కాదు. 1909లో నెదర్లాండ్స్‌లోని బ్రెడా ఊళ్ళో పుట్టిన ఆండ్రియాస్ వాన్ కైక్. అమెరికా చేరి మన తిరునాళ్ళలాంటి కార్నివాల్స్‌లో పనిచేశాడు. కల్నల్ అనేది 1948లో లూసియానా గవర్నర్ ఇచ్చిన గౌరవ బిరుదు. కేఎఫ్‌సీ డబ్బా మీదుండే కల్నల్ శాండర్స్ కూడా అంతే, కెంటకీ గవర్నర్ ఇచ్చిన బిరుదే.

అంటే అక్కడ ఈ రకం కల్నల్ యుద్ధం చేసినవాడు కాదు, పెద్దమనిషినని చెప్పుకోవడానికి లైసెన్స్ ఉన్నవాడు. పార్కర్ రింగ్ దగ్గరికి నడిచొస్తుంటేనే జనానికి అర్థమైపోతుంది, బిరుదు ఉత్తదే, మర్యాద ఉత్తదే, చెయ్యి మాత్రం మన జేబులో ఉంటుందని. ఒక్క డైలాగ్ లేకుండా క్యారెక్టర్ ఎస్టాబ్లిష్ అయిపోయింది. ముత్యాలముగ్గులో రావుగోపాలరావు గారిని చూసినవాళ్ళకి ఈ రకం విలన్ గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

మెచ్చుకునేవాళ్ళ వాదన

కల్నల్ పాతకాలపు మేనేజర్లలో చివరి తరం, తన్నులు తినడం తెలిసిన విలన్ అని వీళ్ళంటారు. దీనికి మంచి ఉదాహరణ 1994. కల్నల్ తన మనిషి బంక్‌హౌస్ బక్‌ని డస్టిన్ రోడ్స్ మీదకి ఉసిగొల్పాడు. బక్ నిజజీవితంలో ఫుల్లర్‌కి కజినే. డస్టిన్ వాళ్ళ నాన్న డస్టీ రోడ్స్. నేను ప్లంబర్ కొడుకునని మైకులో గర్వంగా చెప్పుకుని స్టార్ అయినవాడు. అంటే ఒకవైపు పెత్తందారు, ఇంకోవైపు కూలిపని చేసినవాడి కొడుకూ మనవడూ.

ఆ గొడవ సెప్టెంబర్‌లో వార్‌గేమ్స్ దాకా వెళ్ళింది. రెండు రింగులు పక్కపక్కన పెట్టి, రెండింటికీ కలిపి ఒకటే ఇనుప బోను వేసే మ్యాచ్ అది. కల్నల్ ఈసారి బయట నిలబడి సిగార్ ఊపడానికి లేదు, లోపలికి దిగాల్సిందే. చివరికి డస్టీ కాళ్ళు మెలేసి పడితే ఓటమి ఒప్పుకున్నది కల్నలే. నెలల పాటు పోగుచేసిన హీట్ అంతా ఒక్క కేకలో తీర్చేశాడు. నేను ఆయనకి ఫ్యాన్ అయింది ఆ మ్యాచ్ చూసే.

కాలం చెల్లిందనేవాళ్ళ వాదన

వీళ్ళ చేతిలో బలమైన ఉదాహరణ స్టీవ్ ఆస్టిన్. 1993లో ఆస్టిన్‌కి కల్నల్‌ని మేనేజర్‌గా పెట్టారు. కానీ ఆస్టిన్ నోరు లేనివాడా? 1996 జూన్‌లో, వేరే కంపెనీలో, ఒక్కడే మైకు పట్టుకుని "ఆస్టిన్ 3:16" అన్నాడు. ఆ మాట టీషర్టుల మీదకెక్కి ఇప్పటికీ దిగలేదు. అలాంటివాడి పక్కన మాట్లాడే మనిషిని నిలబెట్టడం దేనికి?

ఇది నేనూ ఒప్పుకుంటాను. మన బ్రాంచి భాషలో చెప్పాలంటే మేనేజర్ ఒక ప్యాచ్. లోపం ఉన్నచోట వేస్తే పనిచేస్తుంది, లేనిచోట వేస్తే అదే కొత్త బగ్. ఇంకొకటి, కల్నల్‌ని తన నేల నుంచి పీకితే బతకలేదు. 1996లో ఇద్దరు ఫ్రెంచ్ కెనడియన్లకి మేనేజర్‌ని చేశారు, 1998లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో టెన్నెసీ లీ అన్నారు. అదే గొంతు, అదే సాగదీత. కానీ వెనకాల ఆ పెద్దరికపు వేషం పోయేసరికి ఉత్త గోల మిగిలింది.

గొలుసుల కథ

మూడో వాదన దగ్గరే నేను తడబడ్డాను. 1993లో హ్యూస్టన్ నుంచి ఇద్దరు నల్లజాతి అన్నదమ్ములు డబ్ల్యూసీడబ్ల్యూకి వచ్చారు. వాళ్ళే బుకర్ టీ, స్టీవీ రే. టీమ్ పేరు హార్లెమ్ హీట్. కంపెనీ వాళ్ళకి మొదట అనుకున్న కథేంటంటే, వీళ్ళు ఖైదీలు, కల్నల్ పార్కర్ పేకాటలో వీళ్ళని గెలుచుకున్నాడు. కాళ్ళకీ చేతులకీ గొలుసులతో, పక్కన తెల్ల దొర నడుస్తుండగా, ఒకసారి జనం ముందుకి తెచ్చారు కూడా. అభ్యంతరాలు రావడంతో టీవీ కథలోకి ఎక్కకముందే ఆపేశారు.

"ఖైదీలే కదా, బానిసలని అనలేదు కదా" అని సమర్థించేవాళ్ళు ఉన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, 1865లో బానిసత్వం రద్దయ్యాక దక్షిణ రాష్ట్రాల్లో ఖైదీలని భూస్వాములకీ గనులకీ అద్దెకిచ్చే పద్ధతి వచ్చిందని. ఆ ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్ళే. అలబామాలో అది 1928 దాకా నడిచింది. కాబట్టి ఖైదీ అన్న మాట ఆ గొలుసుల్ని తేలిక చెయ్యదు.

ఈ సంగతి తెలీకముందు ఒకరోజు రాత్రి నా రూమ్మేట్‌కి కల్నల్ వీడియో చూపించాను. వాడిది జనగామ వైపు ఊరు. నేను పడీపడీ నవ్వుతున్నా. వాడు కాసేపు చూసి, "మా తాత చెప్పే దొర గిట్లనే ఉంటడు రా. ఆ గడీ ముందట చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోళ్ళట" అన్నాడు. కోపంగా ఏం అనలేదు. తర్వాత వార్‌గేమ్స్ పెడితే మాత్రం లేచి కూర్చున్నాడు. కల్నల్ అరిచినప్పుడు ఇద్దరిలో ఎక్కువ గట్టిగా నవ్వింది వాడే.

గొలుసుల కథ చదివిన రోజు నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది. ఫ్యాన్స్ గొడవకి జవాబు కూడా అక్కడే దొరికిందనిపించింది.

దక్షిణాది మేనేజర్ పాత్ర ఒక అప్పు లాంటిది. ఆ పెత్తనం, ఆ పొగరు, ఆ తెల్ల టోపీ, అన్నీ జనం దగ్గర తెచ్చుకున్న అప్పు. చివరికి తన్నులు తిని తీర్చాలి. వార్‌గేమ్స్‌లో జోక్ కల్నల్ మీద, కాబట్టి అప్పు తీరింది. గొలుసుల కథలో ఆ పొగరు ఖర్చు కల్నల్‌ది కాదు, కొత్తగా ఉద్యోగానికొచ్చిన ఇద్దరు అన్నదమ్ములది. కల్నల్ తర్వాత ఎన్నిసార్లు ఓడినా, వాళ్ళు ఆ వేషంలో నడిచిన నడక వెనక్కి రాదు. అందుకే "విలనే కదా, చెడ్డపని చెయ్యకపోతే ఎలా" అనే సమర్థన వార్‌గేమ్స్‌కి సరిపోతుంది, గొలుసులకి సరిపోదు.

ఆ అన్నదమ్ములు మాత్రం ఆగలేదు. 1995 సెప్టెంబర్‌లో ట్యాగ్ టీమ్ బెల్టులు కల్నల్ మనుషుల దగ్గర్నుంచే గెలుచుకున్నారు. మొత్తం 10 సార్లు ఆ బెల్టులు పట్టారు. బుకర్ టీ 2000లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2019లో హార్లెమ్ హీట్ జంటగా హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళింది.

కల్నల్ ఇప్పటికీ నాకిష్టమే. కానీ ఎవరికైనా చూపించాల్సొస్తే వార్‌గేమ్స్ నుంచే మొదలుపెడతాను. చూశాక గొలుసుల సంగతి కూడా చెప్తాను. అది దాచి నవ్వించడం నా రూమ్మేట్‌కి చేసిన మోసంలా ఉంటుంది.