నడిచెడి యింటికి గావలసిన సామగ్రి

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని పెద్దలందురు. ఈ కాలమున ఆ రెంటి ప్రక్కన మూడవదానిని గూడ చేర్చవచ్చును: కారవాను కొని చూడు! మోటారు బండిపై నిల్లు కట్టి, పడకయు, వంటగట్టును, స్నానపు గదియు నందే యమర్చిన వాహనమునకు కారవానని పేరు. సినిమా తారలకును, నాయకులకును మాత్రమే పరిచితమైన యీ బండి యిటీవల సంసారుల లోగిళ్ళకు గూడ వచ్చుచున్నది. బండి వచ్చిన నాడే యింటిల్లిపాదికిని గలుగు ప్రశ్న యొక్కటి కలదు: ఇందులో నేమేమి సర్దవలెను? ఆ సర్దుబాటు పని యెప్పటివలెనే గృహిణి చేతికి వచ్చును. కావున సోదరీమణులకు పనికివచ్చు సంగతులు కొన్ని యిచ్చట వ్రాయుచున్నాము.

అంగడివారు మొదట చూపునవి తెరలు, దిండ్లు, రంగుల దీపములు, టెలివిజను, కాఫీ యంత్రము. మా యభిప్రాయమున వీని వంతు కడపట రావలెను. నీరు, గాలి, నిప్పు, చక్రము—ఈ నాలుగింటిని సరిచూచుకొనిన పిమ్మటనే తక్కినవి.

గూడుబండి నేర్పిన పాఠము

పల్నాటివారి కిది బొత్తిగా క్రొత్త విద్య కాదు. నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న కోటప్పకొండకు మహాశివరాత్రి తిరునాళ్ళకై చుట్టుప్రక్కల గ్రామములనుండి ప్రభలు తరలివచ్చుట యందరెరిగినదే. మోటారు బండ్లు విరివిగా రాకముందు కుటుంబములు గూడుబండ్లు కట్టుకొని, పిల్లాజెల్లలతో రాత్రింబవళ్ళు ప్రయాణము చేసి స్వామిని సేవించుకొనెడివారు. ఆ బండిలో నేముండెడిదో జ్ఞాపకము చేసికొందము. అడుగున వరిగడ్డి, దానిపై చాప, ఇరుసు క్రింద లాంతరు, కందెన గొట్టము, ఒక కడచీల యెక్కువ, చేదయు చేంతాడును, ఎడ్లకు దాణా, మనుష్యులకు సద్దిమూట, మజ్జిగ కుండ. ఇంతకు మించి లేదు. ఆ వస్తువులలో నొక్కటియు నలంకారము కొఱకు గాదు. ప్రతి వస్తువును తన బరువునకు తగిన పని చేయుచుండెను. బరువెక్కువైనచో ఎడ్లు నిలిచిపోవును గనుక, ఏది వలయునో ఏది వలదో చెప్పుటకు వేఱొకరు రానక్కరలేకుండెను.

పడమటి దేశములవారికిని బరువే మొదటి చిక్కు. 1885లో గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు ఇంగ్లండులో నొక యింటిబండిని కేవలము విహారమునకై కట్టించుకొని స్కాట్లండు దాక పోయెను. ఆ బండి రమారమి రెండు టన్నులు తూగెడిది. దానిని లాగుటకు రెండు గుఱ్ఱములు వలసివచ్చెను. మోటారు యంత్రము ఎడ్లవలెను, గుఱ్ఱములవలెను మొరాయింపదు; మోయరాని బరువును గూడ మోయుచున్నట్లే కనబడి, తుదకు పల్లమున బ్రేకుల యొద్దనో, ఎండకు కాగిన టైరుల యొద్దనో పగ తీర్చుకొనును. మీ బండి రిజిస్ట్రేషను పత్రమునందు ఖాళీ బరువును, మొత్తము మీద నుండదగిన బరువును వ్రాయబడియుండును. ఆ రెంటికి గల భేదమే మీ సామానునకును, నీటికిని, మనుష్యులకును గలిపి మిగిలిన బరువు. సామాను సర్దిన పిమ్మట ఒక్కసారి లారీల కాటామీద తూచి చూచుట మంచిది. బరువైనవి క్రిందను, ఇరుసుకు దగ్గఱగను. తేలికైనవి పైనను ఉంచవలెను.

నీరు

పల్నాటి సీమలో ప్రయాణము చేయువారికి నీటిని మించిన సామాను లేదు. గురజాల దాటిన తరువాత వచ్చు రెంటచింతల, వేసవిలో రాష్ట్రమందలి మిక్కిలి వేడి ప్రదేశములలో నొకటిగా పేరుపడినది. అట్టి యెండలో మనిషి యొక్కనికి దినమునకు త్రాగుటకే 3, 4 లీటర్లు వలయును. వంటకును, పాత్రలకును, ముఖము కడుగుటకును పొదుపుగా వాడినను మరి 10 లీటర్లు. ఈ లెక్కను నలుగురికి రెండు దినములకు నూరు లీటర్లకు పైబడును. లీటరు నీరు ఒక కిలో తూగును గనుక, అది ఒక క్వింటాలు బరువని మఱువరాదు.

త్రాగునీటిని వాడుక నీటి తొట్టితో కలుపక, మూతగల వేఱు డబ్బాలలో నుంచవలెను. పల్నాటి గ్రామములు కొన్నిటిలో బోరు నీటియందు ఫ్లోరైడు మితిమీరి యుండును. నీటిని కాచినచో సూక్ష్మజీవులు చచ్చునుగాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది దాని పాలు హెచ్చును. కావున దారిలో దొరికిన బోరు నీటిని కాచి త్రాగుదమని తలంపక, శుద్ధిచేసిన 20 లీటర్ల డబ్బాలు రెండు వెంట తీసికొని పోవుట మేలు. నీరు పట్టుకొనుటకు శుభ్రమైన గొట్టమొకటి ప్రత్యేకముగా నుంచి, దానిని మఱి దేనికిని వాడరాదు. గరాటు, చేంతాడు, చిన్న బకెట్టు నేటికిని పనికివచ్చునవే.

ఎండదెబ్బకును, విరేచనములకును ఓ.ఆర్.ఎస్. పొట్లములు తప్పక యుండవలెను. అవి లేని సమయమున ఒక లీటరు శుభ్రమైన నీటిలో చదునుగా కొలిచిన ఆరు టీచెంచాల చక్కెరయు, అర టీచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవచ్చును. ఉప్పు హెచ్చినచో పసిపిల్లలకు కీడు గనుక కొలత తప్పరాదు.

గాలి, నిప్పు

ఇక ప్రాణముతో ముడిపడిన సంగతి. కేరళమందలి వడకరలో 2024 డిసెంబరు నెలలో, రోడ్డు ప్రక్కన నిలిపియుంచిన కారవానులో ఇద్దరు పురుషులు మృతులై కనబడిరి. జనరేటరునుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు అను వాయువు బండిలోనికి చేరుటయే కారణమని పరిశోధకులు తేల్చిరి. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు మేల్కొనకయే ప్రాణము విడుచును. జనరేటరు మాత్రమే కాదు, చలికాలమున తలుపులు మూసి లోపల నుంచుకొన్న బొగ్గుల కుంపటియు నిట్టి పనియే చేయును. కావున తెరలు కొనకముందు ఈ వాయువును పసిగట్టి మ్రోగు అలారమును కొనుడు. పడకలకు సమీపమున దానిని బిగించి, నెలకొకసారి మీట నొక్కి పరీక్షింపుడు. జనరేటరు నడుచుచుండగా బండిలో నెవ్వరును నిద్రింపరాదు. ఎంత యుక్కగా నున్నను, ఎంత చలిగా నున్నను ఒక గవాక్షము కొంచెము తెరచియే యుంచవలెను. దోమల భయమున్నచో దానికి సన్నని జాలీ బిగింపవలెనుగాని గాలిని మూయరాదు.

వంటగ్యాసు స్వభావము వేఱు. అది గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలమీద పేరుకొనును. కావున సిలిండరుండు అరకు అడుగుభాగమున బయటికి రంధ్రములు తప్పక యుండవలెను. ఆ రంధ్రములకు సామాను అడ్డముగా పెట్టరాదు. ఇంటిలో వాడు 14.2 కిలోల సిలిండరుకంటె 5 కిలోల చిన్న సిలిండరు కారవానునకు యుక్తము. దానిని నిలువుగా నుంచి పట్టీతో బిగించి, బండి కదలకముందే మూయవలెను. రబ్బరు గొట్టముపై ముద్రించిన గడువును చూచి మార్చుచుండవలెను. మంటలార్పు పొడి సిలిండరును పొయ్యి మీదుగా చేయి చాపి తీయవలసిన చోటునగాక, తలుపు దగ్గఱ తగిలింపవలెను. దానిని వాడు విధమును పెద్ద పిల్లలకు గూడ నేర్పవలెను.

విద్యుత్తు లెక్క

గృహిణి పద్దుల పుస్తకము వ్రాయునట్లే బాటరీ పద్దును గూడ వ్రాయవలెను. 12 వోల్టుల, 100 ఆంపియరు గంటల బాటరీలో 1200 వాట్‌గంటల శక్తి యుండును. సీసపు బాటరీయైనచో సగముకంటె నెక్కువ వాడిన త్వరగా చెడును గనుక, చేతికి వచ్చునది 600. ఇరువదియైదు వాట్ల చిన్న పంకా రాత్రి పది గంటలు తిరిగిన 250 ఖర్చు. ఐదు వాట్ల దీపములు మూడు నాలుగు గంటలు వెలిగిన 60. శీతలపేటికను చేర్చితిమా, మిగిలినది చాలదు. వేయి వాట్లకు పైబడిన గది చల్లబఱచు యంత్రమునకైతే ఆ 600 అరగంట మాత్రమే. అందుచేత నీ సీమలో ధారాళముగా దొరకు నెండనే యుపయోగించుకొనుట వివేకము. ఇంటికప్పుపై 200 వాట్ల సౌరఫలకము మంచి యెండలో దినమునకు 800 వాట్‌గంటలు సమకూర్చగలదు. ఇండక్షను పొయ్యిని బాటరీపై నమ్ముకొనరాదు. చేతిలో పట్టుకొను టార్చి రెండు తప్పనిసరి.

వంటగట్టు

ఒకదానిలో నొకటి యిమిడెడు గిన్నెలు, చిన్న ప్రెషరు కుక్కరు, ఒక పెనము, ఒక కత్తి, పీట, మనిషికొక పళ్ళెము, గ్లాసు—ఇంతే చాలును. గాజు వలదు. కుక్కరు గ్యాసును నీటిని రెంటిని పొదుపు చేయును. కందిపొడి, కారప్పొడి, ఇంటిలో పట్టిన గోంగూర పచ్చడి, వడియములు, వేయించిన అటుకులు మరమూతల డబ్బాలలో పోసికొనినచో రెండు పూటలు పొయ్యి వెలిగింపకయే గడచును. అరల తలుపులకు గట్టి గడియలుండవలెను. పిడుగురాళ్ళ మార్గమున సున్నము, రాయి మోయు లారీలు వచ్చుచుండును. ఒక్కసారి బ్రేకు వేసినచో అరలోని డబ్బాలన్నియు నేలపాలగును.

స్త్రీల సౌకర్యము

ప్రయాణములలో స్త్రీలు మరుగు లేదను జంకుచేత నీరు త్రాగుటయే మానివేసి, మూత్రవ్యాధులు తెచ్చుకొనుచుందురు. కారవాను వలన స్త్రీకి గలుగు నిజమైన లాభమిచ్చటనే కలదు. కావున మరుగుదొడ్డిని సామానుగదిగా మార్చుట కెవ్వరెన్ని చెప్పినను అంగీకరింపవలదు. తీసి శుభ్రపఱచుటకు వీలగు తొట్టి, దానికి దగిన మందు, రబ్బరు చేతితొడుగులు, ఋతుసమయమునకు వలయు వస్తువులు, వానిని చుట్టి వేయుటకు కాగితపు సంచులు సిద్ధముగా నుండవలెను. తొట్టిని మరుగుదొడ్డి సౌకర్యముగల చోటనే ఖాళీ చేయవలెను. నాగార్జునసాగరు కుడికాలువ నీటిని చెఱువులకు నింపుకొని త్రాగు గ్రామములు పల్నాటిలో ననేకములు. కాలువగట్టున దానిని కుమ్మరించుట వారి కడవలో కుమ్మరించుటయే.

చక్రము, పత్రములు

స్టెప్నీ, జాకీ, చక్రముల పానా, టైరు గాలి కొలత, లాగుడు త్రాడు, ఎఱ్ఱని త్రికోణపు హెచ్చరిక గుర్తు, చక్రములకు అడ్డుపెట్టు కొయ్యదిమ్మెలు—ఇవి నేటి కందెన గొట్టమును, కడచీలయు. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తుండును. 2324 అనిన 2024వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. పాత బండి కొన్నవారు దీనిని తప్పక చూడవలెను. బండి యెత్తును కొలిచి, నడుపువాని యెదుట పెద్ద యక్షరములతో వ్రాసి యంటింపుడు; రైలు వంతెనల క్రింద అది యక్కఱకు వచ్చును. రిజిస్ట్రేషను, భీమా, కాలుష్య పత్రములను నీరంటని సంచిలో నుంచవలెను. సాధారణమైన వ్యానును కొని తమకు తోచినట్లు కారవానుగా మార్పించుకొనువారు, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమును గుర్తుంచుకొని, రవాణా కార్యాలయముతో ముందే సంప్రదింపవలెను.

మందులపెట్టెలో దూది, కట్టుగుడ్డలు, జ్వరపు మాత్రలు, ఇంటివారు నిత్యము వాడు మందులు ఉండవలెను. నాపరాళ్ళ సందులలో తేళ్ళు, పాములు నుండును గనుక చీకటిలో చెప్పులు, టార్చి లేక దిగరాదు. పాము కఱచినచో కోయుట, పీల్చుట, బిగించి కట్టుట వలదు. కదలనీయక 108కి ఫోను చేసి యాసుపత్రికి చేర్చవలెను.

మొదటి ప్రయాణము

ఇన్ని సమకూర్చినను ఒక్కమారుగా దూరప్రయాణమునకు పోవలదని మా సలహా. మొదటి రాత్రి మీ పెరటిలోనే బండిలో పరుండుడు. ఏది తక్కువైనదో అప్పుడే తెలియును. ఇంటిలోనికి పోయి తెచ్చుకొనిన ప్రతి వస్తువును కాగితముపై వ్రాసికొనుడు. రెండవసారి కోటప్పకొండకు పోయి రండు. తిరునాళ్ళనాడు గాక, రద్దీలేని దినమున. మూడవసారి పిడుగురాళ్ళ, గురజాలల మీదుగా మాచర్ల చెన్నకేశవస్వామిని సేవించి, చంద్రవంక డెబ్బది యడుగుల యెత్తునుండి దుముకు ఎత్తిపోతలను చూచి రావచ్చును. అచ్చట దిగువన మొసళ్ళుండును. పిల్లలను నీటికై దిగనీయరాదు.

తిరిగివచ్చిన పిమ్మట ఒక్కసారియు వాడని వస్తువులను దింపివేయుడు. మంటలార్పు సిలిండరును, మందులపెట్టెను, స్టెప్నీని మాత్రము ఈ లెక్కలో చేర్పరాదు. తుదకు మఱియొక మాట. కారవానులో మనిషికొక కొక్కెము, మనిషికొక పని యుండవలెను. నీరు పట్టువారొకరు, పాత్రలు కడుగువారొకరు, పడకలు మడచువారొకరు, గ్యాసు మూసితిమా లేదా యని చూచువారొకరు. ఇంటిలోని వంటపని యంతయు చక్రములమీద నెక్కి మరల నొక్కరి చేతికే వచ్చినచో ఆమెకది విహారము గాదు. ఆ పనుల పట్టికను తలుపు వెనుక నంటించిన పిమ్మట, రంగుల తెరలు తప్పక కొనుక్కొనవచ్చును.