జర్మనీ నౌకాదళ వైద్యసేవ (రెండవ ప్రపంచ యుద్ధం)

రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనీ నౌకాదళమునకు క్రీగ్స్‌మరీన్ అని పేరు (1935–1945). దాని వైద్యసేవకు నౌకాదళ వైద్యాధిపతి నాయకత్వము వహించేవాడు. 1939 నుండి 1943 వరకు ఆల్ఫ్రెడ్ ఫికెంట్షర్, ఆ తరువాత 1945 వరకు ఎమిల్ గ్రొయిల్ ఈ పదవిలో ఉన్నారు. 1942లో భూతల, నౌకా, వైమానిక దళముల వైద్యసేవలను సమన్వయపరచుటకు జీగ్‌ఫ్రీడ్ హాండ్లోజర్ నియమితుడయ్యాడు.

సముద్రములో చిక్కుకొనిన వైమానికులకు, నావికులకు ఉప్పునీటిని త్రాగదగినదిగా చేయు పద్ధతులను 1944లో డకౌ నిర్బంధ శిబిరములోని రోమా ఖైదీలపై పరీక్షించారు. ఈ ప్రయోగములు జరిపినది వైమానిక దళ వైద్యులు.

1946–47 నాటి న్యూరెంబర్గ్ వైద్యుల విచారణలో 23 మంది నిందితులలో నౌకాదళ వైద్యాధిపతులు లేరు. క్రిందివారి అకృత్యములను అడ్డుకొనవలసిన బాధ్యత అధిపతిదేనని తీర్పు చెప్పి, హాండ్లోజర్‌కు యావజ్జీవ కారాగార శిక్ష విధించారు. మానవులపై ప్రయోగమునకు వారి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అను న్యూరెంబర్గ్ నియమావళి ఈ తీర్పులోనిదే.