చూడ్డానికి ఒకేలాంటి తూటాలు.. తప్పు రైఫిల్‌లో పడితే పేలిపోతుంది! .223, 5.56, .308 నంబర్ల వెనుక అసలు సంగతి ఇదీ

అమెరికాలో ఏ షూటింగ్ రేంజ్‌కి వెళ్లినా తూటాల డబ్బాల మీద నంబర్లే నంబర్లు. .22, .223, 5.56, .308, 6.5 క్రీడ్‌మూర్, .300 బ్లాక్‌అవుట్.. రైఫిల్ షూటింగ్ హాబీగా ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, ఇందులో ఏది బెస్ట్ అని గంటల తరబడి వాదన నడుస్తుంది. వాదన సంగతి ఎలా ఉన్నా.. ఈ నంబర్లు కలగాపులగం అయితే మాత్రం చేతిలో ఉన్న రైఫిలే పేలిపోవచ్చు. ఇంతకీ క్యాలిబర్ అంటే ఏంటి? ఒకే సైజు తూటాల మధ్య అంత తేడా ఎందుకు? మన దేశంలో రూల్స్ ఏం చెబుతున్నాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

క్యాలిబర్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పే క్యాలిబర్. అమెరికా పద్ధతిలో అంగుళాల్లో, యూరప్ పద్ధతిలో మిల్లీమీటర్లలో చెబుతారు. .22 అంటే అంగుళంలో వందకి 22 వంతులు, అంటే దాదాపు 5.6 ఎంఎం.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి. బుల్లెట్ బొంగరంలా తిరుగుతూ నేరుగా వెళ్లడానికి కారణం అవే. గాళ్ల మధ్య ఎత్తు భాగం నుంచి కొలిస్తే ఒక నంబర్, గాళ్ల అడుగు నుంచి కొలిస్తే ఇంకో నంబర్ వస్తుంది. అందుకే ఎత్తు భాగం దగ్గర 7.62 ఎంఎం ఉన్న గొట్టానికి, గాళ్ల అడుగున కొలిస్తే .308 అంగుళాలు, అంటే 7.82 ఎంఎం వస్తుంది. పేర్లు వేరైనా 7.62 నాటో, .308 విన్‌చెస్టర్ తూటాల్లో బుల్లెట్ వెడల్పు ఒకటే.

ఇక 5.56x45 అని రాసి ఉంటే, రెండో నంబర్ తూటా ఇత్తడి కేసు పొడవు. అంటే 45 ఎంఎం అన్నమాట.

వెడల్పు దాదాపు ఒకటే.. పవర్ మాత్రం పదింతలు

నంబర్ పెద్దదైతే పవర్ ఎక్కువ అనుకుంటే పొరపాటే. .22 లాంగ్ రైఫిల్ తూటా 1880ల నుంచి ఉంది. మామూలుగా దాని బుల్లెట్ బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 330 నుంచి 380 మీటర్లు. 1960ల్లో వచ్చిన .223 రెమింగ్టన్ బుల్లెట్ వెడల్పు కూడా దాదాపు అంతే. కానీ 55 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు దాదాపు 990 మీటర్ల వేగంతో దూసుకెళ్తుంది. లెక్క వేస్తే శక్తి దాదాపు పదింతలు!

కారణం కేసులో పట్టే మందు. .22 కేసు చిన్నది, అందులో చిటికెడు మందే పడుతుంది. .223 కేసు పెద్దది, సీసాలా మెడ సన్నగా ఉంటుంది. అందుకే హాబీ షూటర్లు క్యాలిబర్ ఒక్కటే అడగరు. బుల్లెట్ బరువెంత, కేసు ఏది, వేగం ఎంత అని కూడా చూస్తారు.

.223, 5.56 కవలలే.. కానీ..

బయటి నుంచి చూస్తే ఈ రెండు తూటాలను గుర్తుపట్టడం కష్టం. తేడా అంతా రైఫిల్ చాంబర్‌లో ఉంది. 5.56 నాటో చాంబర్‌లో తూటా ముందు, గాళ్లు మొదలయ్యేలోపు కాస్త ఎక్కువ ఖాళీ ఉంటుంది. .223 చాంబర్‌లో ఆ ఖాళీ తక్కువ. కాబట్టి .223 చాంబర్‌లో 5.56 తూటా కాలిస్తే లోపల ఒత్తిడి పరిమితి దాటే అవకాశం ఉంది. అమెరికాలో తూటాల ప్రమాణాలు చూసే సామీ సంస్థ ఈ కాంబినేషన్‌ను సురక్షితం కాని జాబితాలో పెట్టింది.

రివర్స్‌లో, అంటే 5.56 చాంబర్‌లో .223 వాడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. గురి కాస్త తగ్గొచ్చు, అంతే. ఈ గొడవంతా వద్దనుకునేవాళ్లు రెండింటికీ సరిపోయే .223 వైల్డ్ చాంబర్ ఉన్న రైఫిల్ కొంటారు.

అన్నింటికన్నా డేంజర్ ఇదే!

.300 బ్లాక్‌అవుట్‌ను 2011లో సామీ ఆమోదించింది. 5.56 రైఫిల్‌కు గొట్టం ఒక్కటి మారిస్తే చాలు, ఈ తూటా వాడొచ్చు. మ్యాగజైన్ అదే, బోల్ట్ అదే. ఆ సౌకర్యమే ప్రమాదం కూడా. ఈ తూటా పొరపాటున 5.56 రైఫిల్ మ్యాగజైన్‌లోకి చేరితే, కొన్నిసార్లు బుల్లెట్ కేసులోకి వెనక్కి నెట్టుకుపోయి చాంబర్‌లో కూర్చుంటుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే 7.8 ఎంఎం బుల్లెట్ 5.7 ఎంఎం దారిలోంచి పోవాలి. పోలేదు. దాంతో రైఫిల్ షూటర్ ముఖానికి దగ్గర్లోనే పగిలిపోతుంది.

అందుకే రెండు రకాలూ ఉన్నవాళ్లు మ్యాగజైన్లకు వేర్వేరు రంగుల బ్యాండ్లు వేస్తారు. ఒకే రోజు రెండు రకాల తూటాలు రేంజ్‌కి తీసుకెళ్లరు. గొట్టం మీద చెక్కిన పేరు, తూటా అడుగున ఉన్న ముద్ర కలిశాయో లేదో చూసుకున్నాకే లోడ్ చేస్తారు.

.308 వర్సెస్ 6.5 క్రీడ్‌మూర్

దూరపు గురి కొట్టేవాళ్లలో ఎడతెగని వాదన ఇది. .308 విన్‌చెస్టర్ 1952లో వచ్చింది. 6.5 క్రీడ్‌మూర్‌ను హార్నడీ కంపెనీ 2007లో తీసుకొచ్చింది. క్రీడ్‌మూర్ బుల్లెట్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి గాలిని బాగా చీల్చుకుని వెళ్తుంది. పక్క గాలికి తక్కువ జరుగుతుంది. భుజాన్ని తన్నడం కూడా తక్కువే. 1000 గజాలు, అంటే 914 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి .308లోని 168 గ్రెయిన్ల బుల్లెట్ ధ్వని వేగం దగ్గరికి పడిపోతుంది. 140 గ్రెయిన్ల క్రీడ్‌మూర్ బుల్లెట్ అప్పటికీ ధ్వని కన్నా వేగంగానే వెళ్తుంటుంది.

మరి .308 ఇంకా ఎందుకు కొంటున్నారు? దాని గొట్టం ఎక్కువ కాలం మన్నుతుంది. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. 300 మీటర్లలోపు కాల్చేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు కూడా.

ఒలింపిక్స్‌లో చిన్న తూటాలదే రాజ్యం

మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో వాడేది 4.5 ఎంఎం పెల్లెట్. మందు ఉండదు, గాలి ఒత్తిడితోనే పని. పది పాయింట్ల చుక్క సైజు కేవలం అర మిల్లీమీటర్! 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో వాడేది .22 లాంగ్ రైఫిల్. ఈ స్థాయిలో షూటర్లు ఒకే కంపెనీ తూటాల్లోనూ వేర్వేరు బ్యాచ్‌లను తమ రైఫిల్‌లో టెస్ట్ చేసి, బాగా కుదిరిన బ్యాచ్‌నే ఎక్కువగా కొనిపెట్టుకుంటారు.

మన దగ్గర రూల్ వేరు

ఇండియాలో క్యాలిబర్ అనేది ఇష్టాయిష్టాల విషయం కాదు, చట్టం విషయం. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ తప్పనిసరి. 7.62, 9 ఎంఎం లాంటి సైన్యం వాడే సైజులు నిషేధిత బోర్ కిందకు వస్తాయి. సైన్యం తూటాలు బయటికి వచ్చినా మామూలు జనం తుపాకీల్లో పనికిరాకూడదన్నది బ్రిటిష్ కాలం నాటి ఆలోచన. అప్పట్లో .303 మీద ఆంక్షలు పెట్టడంతో .315 బోర్ పాపులర్ అయింది. ఇప్పటికీ లైసెన్స్ రైఫిల్ అంటే చాలామందికి గుర్తొచ్చేది అదే. 2019 సవరణతో సాధారణ లైసెన్స్‌దారు దగ్గర ఉండాల్సిన తుపాకీల పరిమితి మూడు నుంచి రెండుకు తగ్గింది. క్రీడాకారులకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లూ.. జాగ్రత్త!

వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో సరదాగా రేంజ్‌కి వెళ్దామనుకునే స్టూడెంట్లు, టెకీలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా ఇదే రూల్. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రూల్ తెలియక ఇరుక్కుంటే కేసుతో పాటు వీసాకే ఎసరు రావొచ్చు.

ఇంకో విషయం. గుర్తుగా ఉంటుందని ఒక తూటా జేబులో వేసుకుని ఇండియా ఫ్లైట్ ఎక్కితే ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో దొరికిపోతారు. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా ఉన్నా ఆయుధాల చట్టం కింద కేసే. తెలియకుండా బ్యాగులో ఉండిపోయిందని తేలాక కోర్టులు కేసు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి. కానీ అప్పటిదాకా పోలీస్ స్టేషన్, కోర్టు చుట్టూ తిరగక తప్పదు. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతోనే ఊరికి బయల్దేరుతుంటే, సర్దే ముందు అన్ని జేబులూ ఒకసారి దులిపి చూసుకోవడం మంచిది.