మినీ ట్రాక్టర్ కొంటున్నారా? హెచ్‌పీ ఒక్కటే కాదు, బరువూ అడగండి

ఉద్యోగం సిటీలో, పొలం ఊళ్లో. నాన్నకో, కౌలు చేస్తున్న బాబాయికో చిన్న ట్రాక్టర్ కొనిపెడదామని విజయవాడ ఆటోనగర్ వైపు వెళ్లారనుకోండి. ముందు వచ్చే ప్రశ్న ‘ఎన్ని హెచ్‌పీలో చూస్తున్నారు సార్?’ అనే. ధర, ఈఎంఐ అన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. కానీ డెల్టా నల్లరేగడిలో బండి ముందుకు కదులుతుందా, చక్రం ఉన్నచోటే తిరుగుతుందా అన్నది చాలావరకు బరువు మీద ఆధారపడి ఉంటుంది.

హెచ్‌పీ ఎక్కువైతే బరువూ ఎక్కువే ఉంటుందా?

ఉండదు. 15 హెచ్‌పీ మహీంద్రా యువరాజ్ 215 బరువు సుమారు 780 కిలోలు. 27 హెచ్‌పీ కుబోటా బీ2741 సుమారు 650 కిలోలే. అలాగని మొదటిదే మేలని కాదు. కుబోటాది ఫోర్ వీల్ డ్రైవ్, కాబట్టి దాని బరువంతా నేలను పట్టుకోవడానికి పనికొస్తుంది. టూ వీల్ డ్రైవ్‌లో వెనక చక్రాల మీద పడే బరువే లాగుతుంది. అందుకే మొత్తం బరువుతో పాటు ముందు ఎంత, వెనక ఎంత అని విడిగా అడగాలి. బ్రోచర్‌లో ఉన్న అంకె అదనపు దిమ్మలు కలిపి చెప్పిందా, కలపకుండానా అన్నదీ తేల్చుకోండి.

ఏ పనికి ఎంత?

రోటావేటర్ ఇంజిన్ నుంచి నేరుగా తిరుగుతుంది కాబట్టి తేలికపాటి బండితోనూ నడుస్తుంది. వరి దమ్ములో తేలికగా ఉండటం లాభమే, దిగబడదు. అరటి, పసుపు సాళ్ల మధ్య అయితే బరువు కంటే వెడల్పు ముఖ్యం. నాగలి, కల్టివేటర్ మాత్రం లాగాల్సిన పరికరాలు. ఎండి గట్టిపడిన రేగడిలో తేలికపాటి బండి జారిపోయి డీజిల్, టైర్లు రెండూ తినేస్తుంది.

అసలు భయపడాల్సింది ట్రాలీ గురించి. ధాన్యం బస్తాలతో ట్రాలీ బరువు ట్రాక్టర్‌కు రెండింతలైనా బండి లాగేయొచ్చు. కాలువ గట్టు దిగేటప్పుడు ఆ ట్రాలీయే వెనక నుంచి ట్రాక్టర్‌ను తోస్తుంది. ‘ఎంత లోడు లాగుతుంది’ అని అందరూ అడుగుతారు. ఎంత లోడును ఆపగలదో కూడా అడగండి.

నమ్మదగిన వివరాలు ఎక్కడ?

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. అక్కడ ట్రాక్టర్‌ను తూచి, లాగించి, దమ్ములో నడిపి, చివరికి భాగాలు విప్పి అరుగుదల కొలుస్తారు. బురద నీళ్లు బ్రేకుల్లోకి, ఇరుసులోకి చేరాయా అన్నది కూడా ఆ నివేదికలో ఉంటుంది. డెల్టా రైతుకు ముందుగా చూడాల్సిన పేజీ అదే. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే రకమా కాదా అన్నదీ అక్కడే దొరుకుతుంది. మీరు కొంటున్న మోడల్, వేరియంట్ పేరుతోనే ఉన్న నివేదిక కాపీ డీలర్‌ను అడగండి.

హైడ్రాలిక్స్ ఎత్తే బరువు దగ్గర ఒక తిరకాసు ఉంది. లింకుల చివర కొలిస్తే అంకె పెద్దగా కనిపిస్తుంది. పరికరం బరువు నిజంగా పడేది ఇంకాస్త వెనక. అక్కడ కొలిస్తే తగ్గుతుంది. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఒకేచోట కొలిచిన అంకెలే తీసుకోండి.

యంత్రీకరణ ఉప పథకం కింద ఎస్సీ, ఎస్టీ, మహిళా, సన్న, చిన్నకారు రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం వరకు పరిమితికి లోబడి రాయితీకి వీలుంది. నిధులు, మోడళ్ల జాబితా మారుతుంటాయి కాబట్టి అడ్వాన్స్ కట్టేముందే ఊళ్లోని రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. జాబితాలో ఉన్నంత మాత్రాన ఆ బండి మీ నేలకు సరిపోతుందని కాదు.

ఇంకో చిన్న పని. లారీలు తూచే కాటా మీదకు డెమో బండిని రోటావేటర్ తగిలించి, పైకెత్తి తీసుకెళ్లండి. ముందు మొత్తం బరువు, తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి తూయండి. ముందు భాగం మీద మొత్తంలో అయిదో వంతు కూడా లేకపోతే స్టీరింగ్ తేలిపోతుంది, గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచే ప్రమాదం ఉంది. అప్పుడు ముందు దిమ్మలు కావాలి. అవి కంపెనీ చెప్పిన పరిమితిలోనే ఉండాలి. చవగ్గా వస్తుందని ఎక్కడో ఇనుప దిమ్మలు వెల్డింగ్ చేయిస్తే ఇరుసు దెబ్బతినొచ్చు, వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది.