పసిబిడ్డలకు పొత్తిగుడ్డలు: ఉపయోగములు, జాగ్రత్తలు

పురుడు సమీపించినదనగానే మన యిండ్లలో పెద్దలు ముందుగా వెదకునది పాత నూలు చీరె. పలుమార్లు ఉతుకుటచే మెత్తబడిన చీరెను గజమంత ముక్కలుగా చించి, ఉడుకునీట మరిగించి, ఎండలో ఆరవేసి మడచి యుంచుదురు. వీనినే పొత్తిగుడ్డలందుము. నేడు అంగళ్ళలో రంగురంగుల దళసరి దుప్పట్లు, బొచ్చు దుప్పట్లు వచ్చినవి. బిడ్డను చూడవచ్చు బంధువులు వీనిని కానుకగా తెచ్చుట ఆచారమైనది. ఏ గుడ్డ మంచిది, ఎట్లు చుట్టవలెను, ఎప్పుడు చుట్టరాదు అను విషయములు ఆడవారివేయని పంచాయతీ సభ్యులు ఊరకుండరాదు. 2020వ సంవత్సరపు నమూనా నమోదు లెక్కలనుబట్టి మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 20 మంది మొదటి 28 దినములలోనే మరణించిరి. నెలలు నిండకపుట్టుట, బరువు తక్కువగుట, సూక్ష్మక్రిములు సోకుట ఇందుకు ముఖ్య కారణములు. ఒంటివేడి తగ్గిపోవుట ఈ మూడింటికిని తోడై అపాయమును పెంచును.

తల్లి గర్భమున వెచ్చగానుండిన శిశువు తడి శరీరముతో ఒక్కసారిగా బయటి గాలిలోనికి వచ్చును. మట్టికుండలోని నీరు ఎట్లు చల్లబడునో మీకు తెలియును. కుండ పైపొరనుండి తడి ఆవిరియగుచు లోని వేడిని కొనిపోవును. తడి బిడ్డ శరీరమునను ఇదియే జరుగును. చల్లని బల్లమీద పరుండబెట్టినను, కిటికీగాలి తగిలినను, చల్లని గోడ ప్రక్కన నుంచినను వేడి పోవుచునే యుండును. బిడ్డ చర్మముక్రింద క్రొవ్వు తక్కువ. పెద్దలవలె వణకి వేడి పుట్టించుకొనజాలదు. చల్లబడిన బిడ్డ మందగించును, పాలు త్రాగదు. పాలు త్రాగకపోవుటచే మరింత చల్లబడును.

కావున పుట్టిన వెంటనే మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఆ తడిగుడ్డను తీసివేసి, బిడ్డను తల్లి రొమ్ముపై ఒంటికి ఒళ్ళు తగులునట్లు పరుండబెట్టి, పైన మరియొక పొడిగుడ్డ కప్పవలెను. తలకు టోపి యుండవలెను. మొదటి గంటలోనే తల్లిపాలు పట్టవలెను. మొదటి స్నానము కనీసము 24 గంటలు గడచిన పిమ్మటనే చేయింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పుట్టగనే నలుగుపెట్టి నీళ్ళు పోయవలెనని పట్టుబట్టు పెద్దలకు ఈ మాట నచ్చజెప్పుట కొంచెము కష్టమే.

ఇక పొత్తిగుడ్డ చేయు మేలు. అది వెచ్చదనము నిచ్చును. చిన్న శబ్దమునకే రెండు చేతులు విసరి ఉలికిపడుట పసిబిడ్డల స్వభావము. గుడ్డ వదులుగా చుట్టియున్నచో ఆ ఉలికిపాటు తగ్గి నిద్ర కొంత నిలుచును. టీకా వేయించిన తరువాత ఏడ్చు బిడ్డను ఊరడించుటకును, మెడ నిలువని బిడ్డను అలవాటులేని చేతులకు అందించుటకును అనుకూలము. చుట్టుటవలన కాళ్ళు చక్కబడునని, ఎముకలు గట్టిపడునని చెప్పుమాట మాత్రము నిజము గాదు.

చుట్టు విధము కష్టమైనది గాదు. గజము పొడవు, గజము వెడల్పు గల నూలుగుడ్డను పరచి ఒక మూలను లోనికి మడవవలెను. ఆ మడత బిడ్డ భుజముల యెత్తున వచ్చునట్లు వెల్లకిల పరుండబెట్టి, ఒక ప్రక్క అంచును రొమ్ముమీదుగా తెచ్చి వీపుక్రింద దోపవలెను. క్రింది మూలను వదులుగా పైకి మడచి, రెండవ ప్రక్క అంచును అట్లే చుట్టవలెను. రొమ్మునకు, గుడ్డకు నడుమ రెండుమూడు వ్రేళ్ళు దూరవలెను. ముఖముపై గుడ్డ పడరాదు. దిష్టి తగులునని ముఖముమీద కొంగు కప్పుట మనలో కలదు. దిష్టికి వేరే ఉపాయము చూచుకొనవచ్చునుగాని ఊపిరికి అడ్డము పెట్టరాదు. ఆకలిగొన్న బిడ్డ ఏడ్పునకు ముందే చేతులు నోటికి తెచ్చుకొనును. చేతులు బిగించినచో తల్లికి ఆ గుర్తు తెలియదు. కనుక పాలిచ్చునపుడు గుడ్డ విప్పవలెను, రోజంతయు చుట్టియుంచరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది తుంటి సంగతి. కాళ్ళు రెండును చాచి, జతచేసి, కట్టెవలె బిగించి చుట్టినచో లేత తుంటికీలు గూటినుండి జారి, పెరిగినపిమ్మట కుంటితనము రావచ్చును. జపాను దేశమున 1975 ప్రాంతమున, పసిబిడ్డల కాళ్ళను చాచి బిగించరాదని దేశమంతటను ప్రచారము చేయగా తుంటి తొలగిన బిడ్డల సంఖ్య ఎంతయో తగ్గినది. గుడ్డలోపల కాళ్ళు కప్పకాళ్ళవలె మడిగి, ఎడముగా కదలుట కవకాశముండవలెను. మెడ నిలిచిన బిడ్డను చంకన ఎత్తుకొను మన అలవాటు ఈ విషయమున మంచిదే. కాళ్ళు రెండు ప్రక్కలకు ఎడమగుటచే కీలు గూటిలో కుదురుకొనును.

తిరువూరు ప్రాంతమున చలికంటె ఎండకు ఎక్కువ భయపడవలెను. మే మాసమున వేడి 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటుట ఇచట వింత గాదు. ఆ దినములలో రేకుల యింటిలో, తలుపులు మూసిన పురిటిగదిలో, బొచ్చు దుప్పటి చుట్టిన బిడ్డ సంగతి ఊహించుకొనుడు. జ్వరము వచ్చినదని భయపడి మరియొక దుప్పటి కప్పువారును కలరు! వేసవిలో పలుచని నూలుచొక్కాయే చాలును. చుట్టదలచినచో పలుచని గుడ్డ ఒక్కటే, ఒక్క పొరయే. మెడవెనుక చెమట, ఎఱ్ఱబడిన ముఖము, వేగమైన ఊపిరి కనిపించినచో వెంటనే గుడ్డ విప్పి గాలి తగులనిచ్చి, పాలు పట్టవలెను. చేతితో తాకి చూచుట తెలిసికొనుడు: పొట్టయు పాదములును వెచ్చగానున్న బిడ్డ క్షేమము, పొట్ట వెచ్చగ, పాదములు చల్లగనున్నచో చలి సోకుచున్నది, రెండును చల్లగనున్నచో అది అపాయము. థర్మామీటరుతో చూచినపుడు 36.5 నుండి 37.5 డిగ్రీలవరకు ఉండుట సహజము. 35.5కు దిగువనున్నను, గుడ్డ విప్పినను 37.5కు దిగకున్నను, పాలు త్రాగకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

గుడ్డ శుభ్రతనుగూర్చి ఈ మండలమువారికి ప్రత్యేకముగా చెప్పవలసినవి రెండు. ఇది ప్రత్తి, మిరప పండించు నేల. పురుగుమందు చల్లినపుడు కట్టుకొన్న పంచెను, చీరెను ఎంత ఉతికినను పొత్తిగుడ్డగా చించరాదు. పసిబిడ్డల బట్టలతో కలిపి ఉతుకనురాదు. రెండవది, పెట్టెలలో వేయు కలరా ఉండలు. వాని వాసన పట్టిన బట్టలవలన కొందరు శిశువులకు రక్తకణములు చితికి కామెర్లు ముదురును. పెట్టెనుండి తీసిన గుడ్డను ఉతికి, ఎండలో బాగుగ ఆరవేయక వాడరాదు. వాసనకై గుడ్డలకును, తలకును సాంబ్రాణి పొగ పట్టుటయు లేత ఊపిరితిత్తులకు మంచిది గాదు.

రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఏ దుప్పటియు తల్లి ఒంటికి సాటిరాదు. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు బొగొటా నగరమున, వేడిపెట్టెలు చాలని ఆసుపత్రిలో ఎడ్గార్ రే అను వైద్యుడు చిన్నబిడ్డలను తల్లుల రొమ్ములపై నిలువుగా ఆనించి కట్టు పద్ధతిని ప్రారంభించెను. కంగారు జంతువు తన పిల్లను సంచిలో మోయుటను పోలియున్నందున దీనికి కంగారు సంరక్షణ యని పేరు వచ్చినది. దినమునకు 8 నుండి 24 గంటలవరకు ఇట్లుంచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది. ఇచట పొత్తిగుడ్డ పని, బిడ్డను తల్లికి ఆనించి కట్టుటయే. తండ్రి కాని, అమ్మమ్మ కాని కొంతసేపు ఈ పని చేయవచ్చును.

పంచాయతీవారు చేయదగినదేమి? ఆసుపత్రిలో పురుడు వచ్చిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి చూడవలెను. ఇంటిలో పుట్టినచో మొదటి దినమునను రావలెను. మీ వార్డులో ఈ రాకలు సక్రమముగా జరుగుచున్నవా, ఆమె థర్మామీటరు, తూకము పనిచేయుచున్నవా యని అడుగుడు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునకు జాతీయ ఆరోగ్య మిషను క్రింద ఏటికి 10,000 రూపాయలవరకు నిధి ఏర్పాటు కలదు. పాడైన థర్మామీటరు మాటను ఆ సంఘపు సమావేశమున ఎత్తవచ్చును. చీరెముక్కకైన గతిలేని కూలి కుటుంబములును, పనులకై వలసవచ్చినవారును ఉందురు. వారికి నాలుగు మెత్తని నూలుగుడ్డలు, ఒక సబ్బు సమకూర్చుట పెద్ద ఖర్చు గాదు. దాతలు బిడ్డలకు దుప్పట్లు పంచెదమని వచ్చినపుడు బొచ్చు దుప్పట్లు వలదు, ఉతికిన నూలుగుడ్డలు ఇండని చెప్పుటకు మొగమాటపడకుడు.

బిడ్డ ప్రక్కకు ఒరుగుటకు యత్నించిననాడే చుట్టుట మానవలెను. సాధారణముగా ఇది రెండు నుండి నాలుగు మాసముల నడుమ కనిపించును. చుట్టిన బిడ్డ బోరగిలపడినచో చేతులు ఊతమీయక ఊపిరాడదు. అటుపిమ్మట ఆ గుడ్డలే ప్రక్కమీద పరచుటకు, పాలు కక్కినపుడు తుడుచుటకు, స్నానమైన వెనుక ఒత్తుటకు పనికివచ్చును. చిరిగి పోగులు లేచినవానిని మాత్రము తీసివేయవలెను, ఆ పోగులు చిన్ని వ్రేళ్ళకు చుట్టుకొని రక్తము ఆడనీయవు.