అమ్మమ్మలో రెండు ‘మ్మ’లు

చేత్తో చేసిన వస్తువు మీద చేతిరాతలాంటి అక్షరం వేస్తే అమ్మకం పెరుగుతుందా? పెరుగుతుందనే నమ్మకం బజారంతా కనిపిస్తోంది. సబ్బు, తేనె సీసా, పచ్చడి జాడీ, నేత చీర ట్యాగు... దేన్ని చూసినా ఎవరో తీరిగ్గా కూర్చుని రాసినట్టున్న వంకర అక్షరాలే. ఇది వట్టి ఫ్యాషన్ అని కొట్టేయడానికి లేదు. రోలాండ్ ష్రోల్, బెనెడిక్ట్ ష్నూర్, ధ్రువ్ గ్రేవాల్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ విషయం మీదే 2018లో ‘జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్’లో ఓ పత్రం ప్రచురించారు. చేతిరాతను పోలిన అక్షరం కనబడగానే వస్తువు వెనక ఒక మనిషి ఉన్నట్టు తోస్తుందనీ, దాంతో ఆ వస్తువు మీద మమకారం పుడుతుందనీ వాళ్ల ప్రయోగాల్లో తేలింది. అదే పత్రంలో రెండు మెలికలు కూడా ఉన్నాయి. జనానికి ఇప్పటికే అభిమానం ఉన్న బ్రాండుకు దీనివల్ల ఒరిగేది తక్కువ. అవసరానికి కొనే వస్తువుకైతే ఫలితం తిరగబడుతుంది.

ఈ రెండో మెలికను వరంగల్ దర్రీతో పోల్చి చూడాలి. కొత్తవాడ మగ్గాల మీద నేసే ఈ నూలు దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దర్రీ అందంగా ఉంటుంది, నిజమే. కానీ దాన్ని నేల మీద పరుస్తాం, మీద కూర్చుంటాం, దులుపుతాం, ఉతుకుతాం. కొనేవాడు ముందు అడిగేది కొలత ఎంత, రంగు దిగుతుందా, ఎన్నేళ్లు మన్నుతుంది అని. ఆ జవాబులన్నీ మెలికలు తిరిగిన అక్షరాల్లో ఉంటే నమ్మకం కలగడం మాట అటుంచి, చదవడమే కష్టం. దర్రీ ట్యాగుకు నిటారుగా, సాదాగా ఉండే అక్షరమే తగుతుందని నా అభిప్రాయం. చెయ్యి కనబడాల్సిన చోటు ఒక్కటే: నేసినవారి పేరు. అది కూడా ఫాంటులో కాదు. నేసినాయనే పెన్నుతో సంతకం పెడితే సరిపోతుంది.

చేర్యాల బొమ్మ సంగతి వేరు. దాన్ని ఇంటికి తెచ్చుకునేది ఇష్టంతోనే తప్ప అవసరంతో కాదు. సకినాలదీ అదే దారి. బియ్యప్పిండిలో వాము, నువ్వులు కలిపి, వేళ్లతో మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్లు చుట్టి, నూనెలో వేయించే ఆ పిండివంట రూపమే చేతిరాతలా ఉంటుంది. ఏ రెండు చుట్లూ ఒక్కలా రావు. అలాంటి సకినాల ప్యాకెట్టు మీద పేరు చేతిరాతలో ఉంటే అబద్ధం అనిపించదు. పండక్కి ఇంట్లో చేసి అమ్మేవాళ్లు అక్కడిదాకా సరిగ్గానే ఆలోచిస్తున్నారు. చిక్కంతా తెలుగు చేతిరాత ఫాంటు కోసం వెతకడం మొదలుపెట్టాక వస్తుంది.

ఇంగ్లిష్‌లో అయితే చేతిరాత ఫాంట్లకు లెక్కే లేదు. తెలుగులో పట్టుమని పది మంచివి ఏరుకోవడం కష్టం. కారణం మన లిపిలోనే ఉంది. ఇంగ్లిష్ ఫాంటు గీసేవాడికి పెద్దవి 26, చిన్నవి 26, అంకెలు, విరామ చిహ్నాలు గీస్తే పని చాలామటుకు అయిపోయినట్టే. తెలుగులో 36 హల్లులు, ఒక్కోదానికి డజను గుణింతాలు వేసుకున్నా నాలుగు వందలు దాటుతాయి. తలకట్టు, గుడి, కొమ్ము విడివిడిగా గీసి అతికిద్దామంటే అన్ని అక్షరాలకూ అవి ఒకేచోట కూర్చోవు. ‘మో’, ‘యో’, ‘ఘో’ల దగ్గర ఓత్వం మిగతా హల్లుల్లో ఉన్నట్టు ఉండదు. ఆపైన వత్తులు. చాలా హల్లులకు వత్తు రూపం వేరే గీయాలి. ‘క్ర’లో రేఫ ఎడమవైపు నుంచి కిందికి చుట్టుకొస్తుంది, ‘స్త్రీ’లో ఒకదాని కింద రెండు వత్తులు ఇమడాలి. అచ్చు అక్షరమైతే కొలతలు పెట్టుకుని ఈ పని చేయొచ్చు. చేతిరాతలో అన్నీ ఒకే చెయ్యి రాసినట్టు కనబడుతూనే యంత్రం రాసినట్టు ఉండకూడదు. ఇంత కష్టం ఎవరు పడతారు?

కొందరు పడ్డారు. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో ‘లక్కిరెడ్డి’ చేతిరాత ధోరణిలో ఉంటుంది. ముంబయి ఏక్ టైప్ వాళ్ల ‘బలూ తమ్ముడు’ అచ్చంగా చేతిరాత కాదు గాని, లావుగా, గుండ్రంగా, సరదాగా ఉంటుంది. పిల్లల బొమ్మల డబ్బాకు నప్పుతుంది. ఇక బాపు. ఆయన చేతిరాత ఫాంటుగా మారి పెళ్లికార్డుల మీదికి, పుస్తకాల అట్టల మీదికి ఎంతగా పాకిందంటే, ఆ ఒంపు చూడగానే తెలుగువాడికి గుర్తొచ్చేది బాపే. బాపు అక్షరాలతో పచ్చడి జాడీకి పేరు పెడితే, జాడీ వెనక కనబడే మనిషి బాపు అవుతాడు. పచ్చడి పెట్టినావిడ కనబడదు.

ఫాంటు ఎంత బాగున్నా దాని గుట్టు బయటపెట్టే చోటు ఒకటుంది. ‘అమ్మమ్మ చేతి సకినాలు’ అని ఏదైనా చేతిరాత ఫాంటులో టైపు చేయండి. ‘అమ్మమ్మ’లో రెండు ‘మ్మ’లు పక్కపక్కనే వస్తాయి. ఫాంటులో అవి అచ్చుగుద్దినట్టు ఒకటే. ఏ చోట గీత లావైందో, వత్తు ఏ మేరకు వంగిందో అంతా ఒకటే. నిజంగా చేత్తో రాస్తే రెండో ‘మ్మ’ చోటు చాలక కాస్త ఇరుక్కుంటుంది, లేదా ఊపులో కిందికి జారుతుంది. చదివేవాడు దీన్ని వేలెత్తి చూపకపోవచ్చు. ఏదో తేడా ఉందని మాత్రం కన్ను పట్టేస్తుంది. ఖరీదైన ఇంగ్లిష్ ఫాంట్లలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, వరసగా వచ్చినప్పుడు అవి తమంతట తామే మారేలా ఏర్పాటు చేస్తారు. నాలుగు వందల పైచిలుకు రూపాలున్న తెలుగులో అలా చేయాలంటే పని రెట్టింపు, మూడింతలు అవుతుంది.

అందుకే వరంగల్‌లో ఇంటి సరుకు అమ్ముకునేవారు ఫాంటు వేటలో పడనక్కర్లేదు అంటాను. పేరులో ఉండేది రెండో మూడో మాటలు. వాటికి నాలుగు వందల రూపాలెందుకు? తెల్లకాగితం, నల్ల సిరా, కలమో కుంచెనో చాలు. వంట చేసే ఆమెతోనే రాయించండి. రాత బాగోలేదని ఆమె మొహమాటపడుతుంది, అయినా రాయించండి. ఒకే పేరు ఇరవైసార్లు రాస్తే మొదటి నాలుగైదు బిగుసుకుపోయి ఉంటాయి, తర్వాతవి దారిలో పడతాయి. నచ్చినదాన్ని మంచి వెలుతురులో స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీతలుగా మార్చుకోవచ్చు. అప్పుడు ఫ్లెక్సీ అంత పెంచినా, స్టిక్కరంత తగ్గించినా అంచులు చెదరవు. దాన్ని అసలు సైజులో, అసలు కాగితం మీద అచ్చు తీసి చూడటం మరిచిపోవద్దు. ముతక గోధుమరంగు కాగితం సిరాను పీల్చేసుకుంటుంది, సన్నని తలకట్టు మాయమవుతుంది. రబ్బరు స్టాంపులో ‘మ్మ’ కింది వత్తు సిరాతో పూడిపోయి మచ్చలా మిగులుతుంది. అలాంటి చోట గీతలు కాస్త లావుగా, ఖాళీలు కాస్త వెడల్పుగా రాయించుకోవాలి. (పక్కన వరంగల్ తోరణం బొమ్మ పెడదామా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఊళ్లో సగం బోర్డుల మీద ఉన్నది అదే కదా, ఇంకొకటి ఎందుకు?)

పేరు కాక మిగతా రాతంతా మామూలు ఫాంటులో ఉండాలి. మండలి, అనేక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు - అన్నీ ఉచితమే, అమ్మే సరుకు మీద వాడుకోవడానికి వాటి లైసెన్సు ఒప్పుకుంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే చేతిరాత ఫాంట్లలో చాలావాటికి ‘సొంత వాడకానికి మాత్రమే’ అన్న షరతు ఉంటుంది, ప్యాకెట్టు మీద వేస్తే అది సొంత వాడకం కిందికి రాదు. డీటీపీ షాపులో పాత ‘అను’ ఫాంట్లలో టైపు చేయిస్తే అది యూనికోడ్ కాదు. ఆ మాటలనే వాట్సాప్‌లోనో ఆన్‌లైన్ దుకాణంలోనో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముందే యూనికోడ్‌లో చేయమని అడిగితే రెండోసారి టైపు చేయించే ఖర్చు తప్పుతుంది. యూనికోడ్‌లో మనకు పాతకాలం నుంచీ ఉన్న ‘పోతన 2000’ పేరు బమ్మెర పోతనదే. ఆ బమ్మెర అనే ఊరు ఒకప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలోనిదే.

చట్టం కూడా ఈ విషయంలో ఓ మాట చెప్పింది. ప్యాకింగ్ సరుకులకు వర్తించే 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం బరువు, ధర, తయారీదారు చిరునామా వంటి తప్పనిసరి వివరాలు హిందీలో గాని ఇంగ్లిష్‌లో గాని ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు గాని, తెలుగు ఒక్కటే సరిపోదు. ఆ వివరాలను చేతిరాత రూపంలో అచ్చువేస్తే అవి స్పష్టంగా, రెండర్థాలకు తావులేకుండా, చదవగలిగేలా ఉండాలని కూడా అందులోనే రాసి ఉంది. సకినాల ప్యాకెట్టు మీద 250 గ్రాములన్న అంకెలో 2 చివర మెలికపడి 7లా కనబడితే తనిఖీ అధికారికి కళాదృష్టి లేదని వాదించి లాభం లేదు.