లైసెన్సు పెట్టెకా, ప్రోగ్రాముకా?

న్యూఢిల్లీ: 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చిన నాటికి రేడియో అంటే ఒక పెట్టె. అది ఏ పౌనఃపున్యంలో, ఎంత శక్తితో పలకాలో కర్మాగారంలోనే నిర్ణయమయ్యేది. కనుక పెట్టెను దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలని చట్టం శాసించింది.

2023 డిసెంబరులో, శతాధిక ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉండగా, పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని ఆమోదించింది. రేడియో పరికరం కలిగి ఉండాలంటే అనుమతి గానీ, మినహాయింపు గానీ ఉండాలన్న పాత సూత్రం అందులోనూ నిలిచింది. ఈలోగా పెట్టె స్వభావమే మారిపోయినది.

నేడు అరచేతిలో ఇమిడే వైర్‌లెస్ మాడ్యూలుకు ప్రోగ్రామే ప్రాణం. 2020లో ఆరంభమైన మెష్‌టాస్టిక్ వంటి ప్రోగ్రాములను ఎవరైనా ఉచితంగా పొందవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు. ఇవి నింపిన మాడ్యూళ్లు సెల్ టవరుతో పని లేకుండా, చిన్న చిన్న సందేశాలను ఒకదాని నుంచి మరొకటి అందుకుని కొన్ని కిలోమీటర్ల దూరం చేరవేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు సెల్‌ఫోన్లు మూగపోయిన విశాఖ వాసులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మన ప్రభుత్వమూ ఈ తలుపు పూర్తిగా మూయలేదు. 865-867 మెగాహెర్ట్‌జ్ మధ్య, ఒక వాట్ శక్తికి లోబడి, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చునని 2005లోనే మినహాయించినది. చిక్కంతా మరొక చోట ఉన్నది. ఆ ప్రోగ్రాములో దేశం పేరు ఎంచుకునే గడి ఒకటి ఉంటుంది. అక్కడ భారత్‌కు బదులు అమెరికా అని ఎంచుకుంటే చాలు, అదే మాడ్యూలు 902-928 మెగాహెర్ట్‌జ్ మధ్య పలుకుతుంది. అందులో 915 వరకు మన సెల్‌ఫోన్లు టవరుకు సంకేతాలు పంపే మార్గమే! ఆమోద పత్రం ఇచ్చింది పెట్టెకు. తప్పు జరిగింది ప్రోగ్రాములో. బాధ్యులెవరు? తయారుచేసినవారా, ప్రోగ్రాము రాసినవారా, గడి మార్చిన కుర్రవాడా?

తాళం వేయడమే పరిష్కారమనేవారు లేకపోలేదు. కానీ 2016లో అమెరికా సమాచార కమిషన్ ఒక రూటర్ల సంస్థకు శక్తి పరిమితి అతిక్రమణపై జరిమానా విధిస్తూనే, ఇతరుల ప్రోగ్రాములకు దారి మూయరాదన్న షరతుకు ఆ సంస్థను ఒప్పించినది. మనకూ అనుసరణీయమైన మార్గమిదే. గాలిలోకి వెలువడే తరంగానికి హద్దు గీయాలి, నేర్చుకునే చేతికి కాదు. పెట్టెను స్వాధీనం చేసుకోవడం పోలీసులకు సులభమే. తుపాను రాత్రి ఆ పెట్టె అవసరం మాత్రం ప్రజలది.